మట్టిపట్టీ, తొట్టిస్నానము: గాంధీజీ గృహవైద్యము

గాంధీ మహాత్ముని చరిత్రమును ఎంతో కొంత ఎఱుగని ఆంధ్రులు ఉండరు. ఉప్పు సత్యాగ్రహము, కారాగారవాసములు, ఉపవాసములు బడిపిల్లలకును కంఠస్థములే. కాని ఆ జీవితమునకు పెరటివైపు ద్వారము ఒకటి కలదు. ఆ దారిని లోపలికి పోయినచో కనబడునది సభావేదిక కాదు. పార, తిరుగలి, తడిమట్టి పూసిన గుడ్డపట్టీ, జ్వరము తగిలిన బిడ్డ మంచము, దాని ప్రక్క మేలుకొని కూర్చున్న తండ్రి అచట కనబడును. న్యాయవాదిగా బాగుగా ఆర్జించుచున్న ఆ మనుష్యుడు ముప్పదియైదవ యేట సేద్యమున ఓనమాలు దిద్దుకొనెను. వైద్యవిద్య చదువకయే ఇంటివారికిని పొరుగువారికిని వైద్యము చేసెను. అందు జయములును కలవు, భయములును కలవు. రెంటిని దాచక చెప్పుకొనుట ఆయన స్వభావము.

1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించిన మోహనదాసునకు రోగిసేవ చిన్ననాటనే అలవడెను. తండ్రి కరంచంద్ భగందరముతో మంచము పట్టినప్పుడు వైద్యుల లేపములు, హకీముల పట్టీలు, నాటువైద్యుల మందులు అన్నియు నడచినవి. పుండు కడిగి కట్టు కట్టుట, మందులు నూఱి కలుపుట, రాత్రివేళ తండ్రి కాళ్ళు పిసుకుట ఆ కుఱ్ఱవాని పని. 1885లో తండ్రి గతించెను. మూడేండ్ల పిమ్మట సీమకు పోవు ప్రసక్తి వచ్చినప్పుడు వైద్యవిద్య అభ్యసింపవలెనని ఆయన కోరిక. శవములను కోయుట వైష్ణవులకు తగదనియు, తండ్రికి అది ఇష్టము లేదనియు అన్నగారు అడ్డు చెప్పిరి. న్యాయశాస్త్రము చదువవలసివచ్చెను గాని, లోపలి కోరిక చావలేదు.

1893లో దక్షిణాఫ్రికా చేరిన తరువాత ఆ కోరికకు దారి దొరకెను. డర్బనులో పారసీ రుస్తుంజీ ధనసాహాయ్యముతో, డాక్టరు బూత్ పర్యవేక్షణమున ఒక చిన్న ధర్మవైద్యశాల వెలసెను. గాంధీజీ ప్రతిదినము ఉదయము ఒకటి రెండు గంటలు అచట కాంపౌండరు పని చేసెను. రోగుల బాధలను విని డాక్టరునకు విన్నవించుట, ఆయన వ్రాసిన మందు కలిపి ఇచ్చుట, ఇంతియే పని. వచ్చినవారిలో అధికులు ఒప్పందపు కూలీలు: తమిళులు, తెలుగువారు, ఉత్తరాదివారు. 1860లో మదరాసునుండి మొదటి ఓడ నాటాలు చేరినది మొదలు చెఱకుతోటలలో మన జిల్లాలవారెందఱో ఒడలు దాచుకొనక శ్రమించిరి. రాజకీయోద్యమము వారిని ఆయనకు అనుచరులుగా చేయకముందే, పుండ్లతోను జ్వరములతోను ఆ బల్లయెదుట నిలిచిన తెలుగు కూలీలు ఆయనకు పరిచితులైరి. 1900 మే నెలలో దేవదాసు పుట్టినప్పుడు డాక్టరుగాని మంత్రసానిగాని సమయమునకు అందకపోగా, గుజరాతీ భాషలోని ఒక శిశుపోషణ గ్రంథమును ముందే చదివియుండిన గాంధీజీ తానే పురుడు పోసెను.

అంతవరకు జరిగినది సేవ మాత్రమే. స్వతంత్రముగా చికిత్సకు పూనుకొన్న మొదటి పెద్ద పరీక్ష 1902లో బొంబాయిలో ఎదురయ్యెను. పదేండ్ల మణిలాలునకు టైఫాయిడ్ జ్వరము తగిలెను. దానికి న్యుమోనియా తోడై, రాత్రులందు సంధి ప్రేలాపనలు మొదలయ్యెను. చూడవచ్చిన పారసీ డాక్టరు మంచివాడు. మందులు అంతగా పనిచేయవనియు, గ్రుడ్లును కోడిమాంసపు రసమును ఇచ్చినచో బిడ్డకు బలము నిలుచుననియు ఆయన చెప్పెను. ఆ యింట అవి నిషిద్ధములు. డాక్టరు అప్పుడప్పుడు వచ్చి నాడియు గుండెయు చూచి పోవుటకు ఒప్పుకొనెను. చికిత్స తండ్రి చేతిలో పడెను.

ఆయనకు ఆధారము లూయీ కూనే జలచికిత్స. జర్మనీ దేశమున లైప్‌జిగ్ నగరవాసియైన కూనే, మందులు లేకుండ చన్నీటి తొట్టిస్నానముల చేతను, మితాహారము చేతను రోగములు కుదురునని బోధించినవాడు. ఆయన గ్రంథమును ద్రోణంరాజు వేంకటచలపతి శర్మగారు 1894లోనే తెలుగున వెలయించిరి. కనుక ఈ విద్య ఆంధ్రులకు క్రొత్త కాదు. గాంధీజీ కుమారునకు దినమునకు పలుమాఱులు మూడేసి నిమిషములు తొట్టిస్నానము చేయించి, మూడు దినములు నీళ్ళు కలిపిన నారింజరసము తప్ప మరేమియు ఈయలేదు. జ్వరము 104 డిగ్రీలనుండి దిగదాయెను.

ఆ రాత్రి ఆయన పడిన సంకటము తండ్రులైనవారికి సులభముగా తెలియును. లోకులు ఏమందురు, అన్నగారు ఏమందురు, వేఱొక డాక్టరును పిలువరాదా, తన మతమును బిడ్డ ప్రాణముమీద ప్రయోగించుటకు తండ్రికి అధికారము ఎక్కడిది, అను ప్రశ్నలు ఒకదానివెంట ఒకటి వచ్చుచుండెను. చివరకు దుప్పటి నీట తడిపి పిండి బిడ్డ ఒడలికి చుట్టి, పైన రెండు కంబళ్ళు కప్పి, తలమీద తడితువాలు వేసెను. ఒడలు కాలిన ఇనుమువలె ఉండెను; చెమట చుక్క లేదు. కస్తూరిబాయిని కాపుంచి ఆయన చౌపాతీ తీరమునకు నడచెను. అప్పటికి రాత్రి పది గంటలు. జనసంచారము తగ్గెను. రామనామము జపించుచు కొంతసేపు తిరిగి, గుండె దడదడలాడగా ఇల్లు చేరెను. కాలిపోవుచున్నాను, విప్పుమని బిడ్డ బ్రతిమాలుచుండెను. కొంచెము ఓర్చుకొమ్మని బుజ్జగించి నుదురు చూడగా చెమట బిందువులు కనబడెను. తెల్లవాఱునప్పటికి జ్వరము దిగుముఖము పట్టెను. అటుపిమ్మట నలుబది దినములు నీరు కలిపిన పాలతోను పండ్లరసముతోను గడచెను.

జలచికిత్సయే బిడ్డను బ్రతికించెనని గాంధీజీ ఢంకా మ్రోగింపలేదు. దైవానుగ్రహమో, నీళ్ళో, పథ్యమో, ఉపచారమో ఎవరు చెప్పగలరని ఊరకుండెను. ఇచట మరొక సంగతి గుర్తుంచుకొనదగినది. టైఫాయిడును నేరుగా అణచు మందు ఆ కాలమున ఏ డాక్టరునొద్దను లేదు. క్లోరాంఫెనికాల్ ఆ వ్యాధికి పనిచేయునని 1948లో గాని తేలలేదు. ఆనాడు రెండు పక్షములకును మిగిలినది పథ్యమును ఉపచారమును మాత్రమే. నేడు ఆ జ్వరము తగిలిన బిడ్డను తడిదుప్పటికి అప్పగించుట ఆ తండ్రిని అనుసరించుట కానేరదు.

మరల ఆఫ్రికాకు పోయి జొహానెస్‌బర్గులో వకీలు వృత్తి సాగించుచున్న దినములలో ఆయనకు మలబద్ధమును తఱచు తలనొప్పియు పట్టుకొనెను. రేచకములు మ్రింగుటయు, అవి మానినంతనే రోగము మొదటికి వచ్చుటయు పరిపాటియయ్యెను. అప్పుడు అడాల్ఫ్ జస్ట్ అను మరొక జర్మనుని గ్రంథము చేత పడెను. ప్రకృతికి మరలుడని దాని సారాంశము. మట్టి అందలి ముఖ్యౌషధము. శుభ్రమైన మన్నును చన్నీటితో తడిపి, పలుచని గుడ్డమీద పులిమి, పండుకొనునప్పుడు పొట్టమీద కట్టుకొని తెల్లవాఱి తీసివేయవలెను. ఖర్చు లేని మందు. ఇది ఆయనకు గుణమిచ్చెను. నాటినుండి మట్టిపట్టీ ఆయన సంచిలోని మొదటి ఔషధమయ్యెను.

1904 మార్చిలో జొహానెస్‌బర్గు భారతీయులలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగెను. బంగారు గనిలో పనిచేయు ఇరువదిమువ్వురు కూలీలు ఒక్క సాయంకాలమున రోగగ్రస్తులై పేటకు చేరిరి. పాడుపడిన ఇంటి తాళము పగులగొట్టి వారిని అందుంచి, డాక్టరు విలియం గాడ్‌ఫ్రేతో కూడి గాంధీజీయు ఆయన అనుచరులును రాత్రింబవళ్ళు ఉపచారము చేసిరి. వచ్చిన నర్సు రోగులకు బ్రాందీ పట్టుచుండెను. గాంధీజీ డాక్టరు అనుమతితో, బ్రాందీ వలదన్న ముగ్గురికి మాత్రము తలకును ఱొమ్మునకును తడిమట్టి కట్టెను. వారిలో ఇద్దఱు బ్రతికిరి. తక్కినవారందఱు పోయిరి, కొలది దినములకు ఆ నర్సుయు అదే రోగమున మరణించెను. మువ్వురి ఫలితమును బట్టి శాస్త్రము కట్టరాదు గాని, ఆయన విశ్వాసము మాత్రము దీనితో గట్టిపడెను.

తరువాత కొలది కాలమునకు కస్తూరిబాయి పిల్లలతో ఓడ దిగునప్పటికి ఎనిమిదేండ్ల రామదాసు చేయి విరిగియుండెను. ఓడ డాక్టరు కట్టిన కట్టును మంచి డాక్టరునొద్ద మార్పింపవలెనని హెచ్చరిక. గాంధీజీ బిడ్డనే అడిగి, వాడు నవ్వుచు సరేనన్న మీదట, చేతులు వణకుచుండగా కట్టు విప్పి, పుండు కడిగి, మట్టిపట్టీ వేసి మరల కట్టెను. నెలదినములు దినదినము అట్లే. పుండు మానెను. చేతులు వణకినవని ఆయనయే చెప్పుకొనుటచేత ఈ వృత్తాంతము నమ్మదగినది.

ఆ 1904లోనే జీవితమును మలుపు త్రిప్పిన రైలు ప్రయాణము సంభవించెను. జొహానెస్‌బర్గునుండి డర్బనుకు పోవునప్పుడు మిత్రుడు పోలక్ చేతికిచ్చిన రస్కిన్ గ్రంథమును ఆయన ఆ రాత్రి నిద్రమాని చదివెను. పాటుపడి బ్రతుకువాని జీవితమే జీవితమని అందు గ్రహించినది ఆచరణలో పెట్టుటకు ఆయన మరునాటినుండియే సిద్ధపడెను. డర్బనుకు పదునాలుగు మైళ్ళ దూరమున ఫీనిక్స్ స్టేషనునొద్ద మొదట ఇరువది ఎకరములు, దానికి ఆనుకొని మరి ఎనుబది ఎకరములు, వెరసి నూఱెకరములు వేయి పౌండ్లకు కొనబడెను. ఒక చిన్న ఊట, కొన్ని నారింజచెట్లు, కొన్ని మామిడిచెట్లు, ఒక శిథిలగృహము, మోకాలి యెత్తు గడ్డి, గడ్డినిండ పాములు. ఇదియే ఆ మహాసంస్థానము! రుస్తుంజీ పాత ఇనుపఱేకులు మొదలగు సామగ్రి ఇచ్చెను. బోయర్ యుద్ధమున తనతో పనిచేసిన భారతీయ వడ్రంగులును తాపీపనివారును తోడుపడగా డెబ్బదియైదడుగుల పొడవు, ఏబదియడుగుల వెడల్పు గల ముద్రణాలయపు కొట్టము నెలదినములలోపల లేచెను. ఆ నెలయంతయు నివాసము డేరాలలోనే.

ఇండియన్ ఒపీనియన్ పత్రిక అచట అచ్చు కావలసిన మొదటి రాత్రియే నూనెయంత్రము మొరాయించెను. ఇంజనీరు చేతులెత్తివేసెను. పత్రికా నిర్వాహకుడైన వెస్టు కండ్ల నీరు పెట్టుకొనెను. చేతితో త్రిప్పు చక్రము ఒకటి ముందుజాగ్రత్తగా చేయించియుండిరి గాని దానికి నలుగురు మనుష్యులు కావలెను. పనిచేసి అలసి నేలమీదనే నిద్రించుచున్న వడ్రంగులను గాంధీజీ లేపెను. వారు విసుగుకొనక వచ్చి చక్రము త్రిప్పిరి. తెల్లవాఱువఱకు అందఱును వంతులు వేసికొనిరి. ప్రొద్దుటిపూట మరల ప్రయత్నింపగా యంత్రము ఏమియు ఎఱుగనిదానివలె నడచెను!

ఒక్కొక్క కుటుంబమునకు మూడేసి యెకరములు, నెలకు మూడు పౌండ్లు. మట్టిగోడల కుటీరములు కట్టుకొనవలెనని గాంధీజీ కోరిక. కాని త్వరపడవలసివచ్చుటచే ఇనుపఱేకుల ఇండ్లే దక్కినవి. అంతకంటె విచారకరమేమనగా, ఇంత చేసిన గాంధీజీకి అచట స్థిరముగా నుండు యోగము లేకపోయెను. వకీలు పనియు ప్రజల పనియు ఆయనను జొహానెస్‌బర్గుననే పట్టియుంచెను.

ఫీనిక్సు పేరు చెప్పినంతనే స్మరింపవలసిన ప్రయాణమొకటి కలదు. 1909 తొలిదినములలో డర్బనులో కస్తూరిబాయికి రక్తస్రావమునకై శస్త్రచికిత్స జరిగెను. ఆమె మిక్కిలి కృశించియుండుటచే క్లోరోఫారము ఈయకయే కోయవలసివచ్చెను. ఆమె పలుకకుండ ఓర్చుకొనెను. అటుపిమ్మట స్థితి క్షీణింపగా గోమాంసరసము ఈయనిదే బ్రతుకదని డాక్టరు నిశ్చయించెను. జొహానెస్‌బర్గునుండి గాంధీజీ పరుగున వచ్చునప్పటికే అది ఆమెకు తెలియకుండ ఒకమాఱు ఈయబడినదని తెలిసెను. డాక్టరు స్నేహితుడే, ఆమెను బ్రతికింపవలెననియే చేసెను. ఐనను గాంధీజీ మనస్సు నొచ్చెను. తన చికిత్సకు ఒప్పుకొననిచో రోగిని తీసికొనిపొమ్మని డాక్టరు పలికెను. నిర్ణయము భర్త ఒక్కడు చేయలేదు. లేవలేని స్థితిలోనున్న ఆమెను అడుగగా, ఆ పదార్థముతో దేహమును అపవిత్రము చేసికొనుటకంటె భర్త చేతులలో ప్రాణము విడుచుటయే మేలని ఆమె స్పష్టముగా చెప్పెను.

వాన తుంపర పడుచుండెను. రైలునొద్దకు రిక్షాలోను, అచటనుండి పెట్టెలోనికి చేతులమీదను ఆమెను చేర్చిరి. వేడిపాలసీసా, వేడినీళ్ళసీసా, డోలీ మోయుటకు ఆఱుగురు మనుష్యులు స్టేషనునొద్ద సిద్ధముగా ఉండవలెనని వెస్టుకు ముందే కబురు వెళ్ళెను. దారిలో ధైర్యము చెప్పినది భర్త కాదు. ఎముకలగూడై పడియున్న ఆమెయే ఆయనకు ధైర్యము చెప్పుచుండెను. ఫీనిక్సులో జలచికిత్సతో ఆమె మెల్లగా తేఱుకొనెను. అపుడొక స్వామి వచ్చి మాంసభక్షణమునకు శాస్త్రప్రమాణములు చూపబోగా, ఆ చర్చతో తన తల వేడెక్కింపవలదని ఆమె ఒక్క మాటతో ముగించెను. గాంధీజీ చికిత్సలను గూర్చి వ్రాయువారు ఈ ఇల్లాలిని ప్రక్కకు నెట్టుట న్యాయము కాదు. ఆయన ప్రయోగములన్నిటికి మొదటి మూల్యము చెల్లించినది ఆమె.

రక్తస్రావము మరల తల చూపినప్పుడు ఉప్పు, పప్పు మానుమని ఆయన చెప్పెను. ఆ రెండును మానుమన్నచో మీరు మాత్రము మానగలరా యని ఆమె ఎదురడిగెను. గాంధీజీ సంతోషించి ఆ క్షణముననే ఏడాదిపాటు మానితిననెను. ఆమె ఏడ్చి బ్రతిమాలినను ప్రతిన మరలింపలేదు. రోగము కుదిరెను. ఉప్పు మానుటచేతనా, మనస్సు మాఱుటచేతనా యని ఆయనకును సందేహమే. నాటువైద్యుడను పేరు మాత్రము తనకు కొంచెము పెరిగినదని ఆయన హాస్యమాడెను.

1910లో ట్రాన్సువాలు సత్యాగ్రహము సాగుచుండగా చెఱసాలకు పోయినవారి కుటుంబములను పోషించుట కష్టమయ్యెను. ఉద్యమనిధి తరిగిపోవుచుండెను. అందఱును ఒక్కచోట ఉండి స్వకష్టముతో బ్రతికినగాని పోరాటము నిలువదు. అప్పుడు జర్మను యూదుడును వాస్తుశిల్పియునైన హెర్మన్ కాలెన్‌బాక్, జొహానెస్‌బర్గుకు ఇరువదియొక్క మైళ్ళ దూరమున లాలీ స్టేషనునొద్ద పదునొకండు వందల యెకరముల భూమి కొని, మే 30వ తేదీన సత్యాగ్రహులకు ఉచితముగా ఇచ్చెను. దానికి టాల్‌స్టాయ్ మహాశయుని పేరు పెట్టిరి. వేయి వఱకు నారింజ, ఆప్రికాట్, ప్లమ్ చెట్లు, రెండు బావులు, ఒక ఊట, గుట్ట అడుగున అఱడజను మందికి సరిపోవు ఇల్లు ఒకటి. ఊటనీళ్ళు అయిదు వందల గజముల దూరమునుండి కావళ్ళతో మోసికొనవలెను.

నలుబదిమంది యువకులు, ఇద్దఱు ముగ్గురు వృద్ధులు, అయిదుగురు స్త్రీలు, ఇరువది ముప్పదిమంది పిల్లలు అచట కాపురమైరి. గుజరాతు, తమిళనాడు, ఆంధ్రదేశము, ఉత్తరహిందూస్థానములనుండి వచ్చినవారు వారు. హిందువులు, మహమ్మదీయులు, పారసీలు, క్రైస్తవులు కలిసి ఒక్క వంటశాలలో భుజించిరి. మాంసాహారులును తమంతట తాము శాకాహారమునకు ఒప్పుకొనిరి. సేవకులు లేరు. వంట మొదలు పాకీపని వఱకు అందఱును అన్నియు చేయవలసినదే. ఉదయము ఆఱు గంటలకు రొట్టెయు గోధుమకాఫీయు, పదునొకండు గంటలకు అన్నము పప్పు కూర, సాయంకాలము అయిదున్నరకు గోధుమజావయు పాలును, లేదా మరల రొట్టెయు గోధుమకాఫీయు. గోధుమలను మాడ్చి పొడిచేసి కాచిన ఆ కాఫీ, మన యిండ్లలోని ఉదయపు కాఫీ రుచి ఎఱిగినవారికి ఎట్లుండెనో ఊహింపవచ్చును! రాత్రి నిద్ర నేలమీద, రెండు కంబళ్ళును ఒక కొయ్యదిండును తోడుగా.

అంతమంది ఉన్నను ఎక్కడను చెత్తగాని దుర్గంధముగాని కానరాదు. మలమును గోతులలో వేసి మన్ను కప్పుదురు. అదియే తరువాత ఎరువు. ఒక చిన్న పార చేత నుండినచో ఊరి రోగములలో సగము పోవునను నమ్మకము గాంధీజీకి అచటనే బలపడెను. ఆయన గృహవైద్యమున మట్టిపట్టీకంటె ఈ పారకే పెద్దపీట వేయదగును. పట్టీ వచ్చిన రోగమునకు, పార రానీయకుండుటకు. చిత్రమేమనగా చూడవచ్చినవారు పట్టీనే జ్ఞాపకముంచుకొనిరి.

కాలెన్‌బాక్ ట్రాపిస్టు సన్యాసుల మఠమునకు పోయి చెప్పులు కుట్టుట నేర్చుకొని వచ్చెను. ఆయననొద్ద గాంధీజీ నేర్చెను, ఆయననుండి ఇతరులు. వడ్రంగము కాలెన్‌బాక్‌కు ముందే తెలియును గనుక బల్లలు, పెట్టెలు అచటనే చేసికొనిరి. ఊరి పనికి పోవువారికి మాత్రమే రైలు, అదియు మూడవ తరగతి. వినోదమునకు పోవువాడు ఇరువదియొక్క మైళ్ళు నడువవలసినదే. రాత్రి రెండు గంటలకు బయలుదేఱి, ఇంటి రొట్టెయు వేరుసెనగ వెన్నయు మూటకట్టుకొని పోవుదురు. నాలుగు గంటల పదునెనిమిది నిమిషములలో జొహానెస్‌బర్గు చేరినవారును కలరు. పిల్లలు ఉదయమంతయు గోతులు త్రవ్వి, చెట్లు కొట్టి, బరువులు మోసి, మధ్యాహ్నము బడికి కూర్చుండునప్పటికి కునికిపాట్లు పడుచుండిరి. కండ్లకు నీళ్ళు చల్లినను ప్రయోజనము లేదు. ఉపాధ్యాయులకును అదే అవస్థ యట.

అచట డాక్టరుతో గాని మందుతో గాని పని పడలేదు. వైద్యము కొఱకు వచ్చిన బయటివారిలో లుటావన్ అను ఉత్తరాది వృద్ధుడు ఒకడు. డెబ్బదేండ్లవాడు; ఎన్నో యేండ్లుగా ఉబ్బసమును దగ్గును. గాంధీజీ ఆయనకు ఎండలో కూనే స్నానము చేయించి, ఉప్పు, మసాలాలు మాన్పించి, తేనె, నారింజ, ద్రాక్ష, గోధుమకాఫీ ఇచ్చుచుండెను. పొగాకు మానుట షరతు. రోగము కొంత తగ్గి అచటనే ఆగెను. అనుమానము కలిగి గాంధీజీ ఒకరాత్రి కాచియుండగా, వృద్ధుడు పొగ త్రాగ మొదలిడెను. విద్యుద్దీపపు వెలుగు పడినంతనే పొగ మాని, కాళ్ళమీద పడి, ఇక ముట్టనని ప్రమాణము చేసెను. నెలదినములలో ఉబ్బసము నెమ్మదించెను.

లాలీ స్టేషను మాస్టరు కుమారుడు రెండేండ్లవాడు. వానికి టైఫాయిడని డాక్టరు చెప్పెను. మొదటి దినము ఉపవాసము. రెండవ దినమునుండి మెదిపిన అఱచెక్క అరటిపండులో ఒక చెంచాడు ఆలివ్ నూనె, కొన్ని చుక్కలు తియ్యనారింజరసము. రాత్రి పొట్టమీద చల్లని మట్టిపట్టీ. బిడ్డ బ్రతికెను. అది అసలు టైఫాయిడు కాకపోవచ్చుననియు, డాక్టరు పొరబడియుండవచ్చుననియు తరువాత గాంధీజీయే చెప్పెను. తన విజయమును తానే తగ్గించి చెప్పు వైద్యులు అరుదు.

1912లో గోఖలేగారు ఆ క్షేత్రమును చూడవచ్చిరి. ఆయన దేహము సుకుమారము, ఆరోగ్యము అంతంతమాత్రము. స్టేషనునుండి మైలు పైచిలుకు నడిపించి తీసికొనిరాగా నడుమ వాన పట్టుకొని ఆయనకు జలుబు చేసెను. వంటశాలనుండి గదికి చేరులోపల ఆహారము చల్లాఱెను. మంచము తప్పనిసరి యని తెచ్చి వేసినను, అందఱును నేలమీద పండుకొనుటచూచి తానును నేలనే పండుకొనెను. కాళ్ళు పిసుకుదునన్న గాంధీజీని దగ్గఱకు రానీయలేదు. కష్టములు పడుటకు మీరే పుట్టినారా, మీచేత సుఖపెట్టబడుటకు మావంటివారు పుట్టినారా యని మందలించెను. ఆ మందలింపు హాస్యమువలెనుండినను అందు నిజము కలదు. కఠినజీవనము వరించినవానికి అది సులభము. ప్రక్కవాడు చలికి వణకుట అతనికి కనబడదు. గాంధీజీ ఆ రాత్రిని మఱువలేదు.

ఆ యేటనే ఆయనయు కాలెన్‌బాకును పాలు మానిరి. 1913లో క్షేత్రవాసులు ఫీనిక్సు చేరిరి. ఆరోగ్యమును గూర్చి గుజరాతీలో వరుసగా వ్రాసిన వ్యాసములు ఆ యేడు ఇండియన్ ఒపీనియన్‌లో వెలువడి, పిమ్మట అనేక భాషలలో వ్యాపించినవి. అందు పాలు వలదని గట్టిగా చెప్పబడెను. 1914లో ఆయన ఆఫ్రికా విడిచెను.

ఆ ధీమాను 1918 కదలించెను. ఖేడా జిల్లాలో ఊరూర నడచుచు, ముఖ్యముగా వేరుసెనగ వెన్నయు నిమ్మపండ్లునే ఆహారముగా గడపుచుండగా గ్రహణి విరేచనములు మొదలయ్యెను. ఒక పండుగనాడు కస్తూరిబాయి చేసిన తీపి గోధుమజావయు పెసరపప్పును ఆశకొలది భుజించుటతో రోగము విజృంభించెను. దినమునకు ముప్పది నలుబది విరేచనములు. ఉపవాసము పట్టెను, మందు వలదనెను. టాల్‌స్టాయ్ క్షేత్రమున ఇతరులకు కుదిర్చిన చికిత్స తనకు కుదరలేదు. ఒకరాత్రి ఇక మరణమే యనుకొనెను. నెలలు గడచినను బలము రాదు. పాలు త్రాగనిదే దేహము నిలువదని డాక్టరు దలాల్ చెప్పగా ప్రతిజ్ఞ అడ్డువచ్చెను. ప్రతిజ్ఞ చేసినప్పుడు ఆవు గేదె మనస్సులో ఉండెను గదా, మేకపాలకు దోషమేమని మంచము ప్రక్క నిలిచిన కస్తూరిబాయి అడిగెను. ఆయన లొంగెను. ప్రతిజ్ఞ అక్షరము నిలిచెను, ఆత్మ పోయెనని జీవితాంతము బాధపడుచునే మేకపాలు త్రాగెను. లోకము ఎఱిగిన మహాత్ముని మేక అట్లు ప్రవేశించినది.

అటుపిమ్మట దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర వ్రాయునప్పుడు, స్టేషను మాస్టరు బిడ్డకు చేసినట్టి చికిత్స ఇక చేయ సాహసింపననియు, టైఫాయిడు రోగికి అరటిపండును ఆలివ్ నూనెయు ఇచ్చుటను తలంచినంతనే ఒడలు జలదరించుననియు ఆయన ఒప్పుకొనెను. మాఱినది తానో, దేశపు శీతోష్ణస్థితియో తెలియదనెను. 1924 జనవరి 12న ఎఱవాడ ఖైదీగా నుండగా అపెండిసైటిస్ సోకెను. పూనాలోని సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ శస్త్రచికిత్స చేసెను. నడుమ విద్యుత్తు ఆగిపోగా లాంతరు వెలుగున పని ముగించిరి. జీవితమంతయు డాక్టర్లను విమర్శించిన ఆయన ఆ తెల్లదొర నేర్పును కృతజ్ఞతతో స్మరించెను.

1942లో ఆగాఖాన్ భవనమున నిర్బంధములోనుండి ఆరోగ్యవిషయమును ఆయన క్రొత్తగా వ్రాసెను. మట్టి, నీరు, ఎండ, గాలి అందు యథాస్థానముననే ఉన్నవి. పాలు మాత్రము తిరిగివచ్చెను. శాకాహారికి పాలకు సాటియైనది ఇంకను దొరకలేదని ఒప్పుకొనెను. ఆ భవనముననే 1944 ఫిబ్రవరి 22న కస్తూరిబాయి కన్నుమూసెను. దేవదాసు పెన్సిలిన్ తెప్పించెను. అది గంటలకొలది సూదులతో గ్రుచ్చవలసిన మందని తెలిసి, తుదిఘడియలలో ఆమెను బాధింపవలదని గాంధీజీ కుమారుని వారించెను. ఆమె శిరస్సు ఆయన ఒడిలో నుండగా ప్రాణము పోయెను. ఆ నిర్ణయమును గూర్చి లోకము నేటికిని రెండు విధములుగా పలుకుచున్నది. ఫీనిక్సు ప్రయాణమునాడు ఆమెను అడుగుటకు వీలుండెను; ఆనాడు ఆ వీలు లేదు.

ప్రకృతిచికిత్సను బీదలకు అందింపవలెనను కోరిక డెబ్బదియాఱవ యేట మరల మొలకెత్తెను. పూనాలో దిన్‌షా మెహతా చికిత్సాలయమును బీదలకొఱకు మార్చ ప్రయత్నించి, పట్టణమున బీదలకు ఇది నడపబూనుట తన తెలివితక్కువతనమని ప్రకటించి, 1946 మార్చిలో పూనాకు సమీపమున ఉరళీ కాంచన్ గ్రామమునకు పోయెను. ఊరివారు బారులు తీరిరి. తొట్టిస్నానము, ఎండస్నానము, మట్టిపట్టీ, మజ్జిగ, పండ్లరసము, రామనామము. ఒక్కొక్కరికి వేఱువేఱుగా ఆయనయే చెప్పెను. అచట గడపినది ఒక వారము మాత్రమే. క్యాబినెట్ రాయబారముతో సంప్రదింపులకై ఢిల్లీ పిలిచెను. రోగుల పట్టికయు, తొట్లును, గ్రామమును మణిభాయి దేశాయి అను యువకునికి అప్పగించి ఆయన రైలెక్కెను. మణిభాయి అచటనే ఉండిపోయెను. ఆ చికిత్సాశ్రమము నేటికిని నడచుచున్నది.